లీటరుకి రెండు గ్రాములు

నాట్లేసిన ఇరవయ్యో రోజున
కవిటం లాకుల దిగువ, మా మూడెకరాల కౌలు చేలో
అడుగాకుల మీద తుప్పు లేచింది.
చేనంతా కాదు.
ఎవరో చాపలు పరిచి మర్చిపోయినట్టు
అక్కడక్కడా.
మిగతాదంతా పచ్చగానే ఉంది,
అందుకే మా ఆయన నమ్మలేదు.

"దాళ్వా కదే, చలికి ముడుచుకుంది" అన్నాడు లోవరాజు.
ఇంకో అరబస్తా యూరియా చల్లాడు.
చుట్టూ పైరు నలుపెక్కింది.
చాపలు చాపల్లాగే ఉన్నాయి.
ఆకు వంచి చూశాను,
అప్పడంలా
పెళుక్కున విరిగింది.

సూరపరాజు గారి కొట్లో అరువు రాయించి
డీఏపీ తెచ్చాడు, జింకు సంచీ తెచ్చాడు,
రెండూ ఒకే తట్టలో కలిపి చల్లాడు.
ఒక చేత్తో పెట్టి
ఇంకో చేత్తో లాక్కోడమని
తర్వాత తెలిసింది.
"భాస్వరం జింకుని పట్టేస్తుందండి, వేరుకి అందనివ్వదు"
అంది రైతు కేంద్రం అమ్మాయి ధనకుమారి,
గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని.
"అసలు చేలో నీరెప్పుడైనా తీశారా?"

నీరు తీయడమా!
వంతు నీటి కోసం లాంతరేసుకుని
తూము దగ్గర రాత్రుళ్ళు కాపలా కాసిన వాళ్ళం.
నీరుంటే అన్నీ ఉన్నట్టే అనుకున్నాం.
సార్వా నీరు దాళ్వా నీటికి అప్పజెప్పడమే గాని
మట్టికి ఊపిరి కావాలని
మాకెవరు చెప్పారు?

ఆ వారంలోనే చిన్నోడికి విరేచనాలు.
ఆశా అనంతలక్ష్మి వచ్చి
ఉప్పూ పంచదార పొట్లంతో పాటు
పద్నాలుగు బిళ్ళలు లెక్కెట్టి ఇచ్చింది.
"తగ్గిపోయినా ఆపకు. పద్నాలుగూ అవ్వాలి."
అట్ట వెనక అక్షరాలు కూడబలుక్కున్నాను:
జింకు.
వసారాలో సంచీ మీద ఉన్నదీ అదే మాట.
నవ్వొచ్చింది.
తర్వాత రాలేదు.

పాలు మాన్పించిన కాడ్నించీ
వాడు తిన్నది ఆ మట్టి అన్నమే కదా.
అదైనా మల్లెపూవులా ఆడించి పెట్టాం.
తవుడంతా చెరువులకి పోయింది.
మా బలం తిని
ఆకివీడు చేపలు నిగనిగలాడుతున్నాయి.

లీటరుకి రెండు గ్రాములంది ధనకుమారి.
ఇరవై లీటర్ల డబ్బాకి నలభై.
గ్రాముల్లో తూచడం
మేం చూసింది తాకట్టు కొట్లోనే,
నా చెవి దుద్దులు పెట్టిన రోజున.
సూరపరాజు గారి ఆవాల త్రాసులో
నలభయ్యేసి గ్రాముల పొట్లాలు కట్టించాను.
"ఇంత చేనుకి ఇదేం ఆనుద్ది?"
ఆయన నవ్వాడు. కట్టనైతే కట్టాడు.

మంచు ఆరాక మొదలెట్టాం.
నేను నీళ్ళు మోశాను, ఆయన కొట్టాడు.
అయిదు రోజులు.
ఏం మార్పు లేదు.
"డబ్బు దండగ, ఆపేద్దాం" అన్నాడు.
లోపల చిన్నోడు ఆరో బిళ్ళ దగ్గరున్నాడు,
విరేచనాలు కట్టేసి అప్పుడే రెండ్రోజులు.
చెంచాలో బిళ్ళ కరిగిస్తూ
ఆశా మాటే ఆయనకీ చెప్పాను:
ఆపకు.

రెండోసారి కొట్టిన నాలుగో నాడు
చాప మధ్యలోంచి
సూది మొనంత పచ్చన.
ధనకుమారి ముందే చెప్పింది,
తుప్పు పట్టిన ఆకు మళ్ళీ పచ్చబడదట.
కొత్తాకు రావాల్సిందే.

మూడో పిచికారీ అయ్యింది. పైరు కోలుకుంది.
కానీ చాపలున్న చోట ఈనిక వారం వెనకబడింది.
కోత మిషను వారం ఆగుతుందా?
పచ్చిగింజల్నీ పండుగింజల్నీ
ఒకే నోట్లో వేసుకుపోయింది.
కౌలు బస్తాలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు,
భీమవరంలో ఉన్న ఆసామికి
చాపల సంగతి ఏం తెలుసు?

వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను:
వచ్చే దాళ్వాకి ఆఖరి దమ్ములోనే
ఎకరానికి ఇరవై కిలోలు.
డీఏపీకి మూడ్రోజుల ఎడం.
మధ్యలో ఓసారి నీరు తియ్యాలి.
ఆయన చదివి, ఏమీ అనకుండా
ఎడం కింద ఇంకో గీత గీశాడు.

పద్నాలుగో బిళ్ళ చిన్నోడు మింగలేదు.
గట్టు మీద నా చంకలోంచే
చేలోకి ఉమ్మేశాడు.
కొడదామని చెయ్యెత్తి
దించేశాను.